కింది వరుస నుంచి

ధర్మవరంలో జకార్డు మగ్గాలకు అట్టలు కొట్టే పాపన్నకు పాట రాదు. ఈ మాట ఆయనే అందరికీ చెప్పేవాడు. శుక్రవారం వీధి చివర చౌడమ్మ గుడిలో భజన జరిగేటప్పుడు ఆయన పని చప్పట్లు కొట్టడం ఒక్కటే. అది కూడా పక్కవాడి చేతులు చూసి కొట్టేవాడు.

"ఆ తల్లి నా పెండ్లానికి గొంతిచ్చింది, నాకు చేతులిచ్చింది. ఇంటికి ఒక గొంతు సాలప్పా" అనేవాడు ఎవరైనా నవ్వితే.

ఆ చేతుల పని గురించి కొంచెం చెప్పాలి. చీర అంచులో హంస రావాలంటే ముందు ఆ హంసను గళ్ళ కాగితం మీద వేయాలి. ఒక్కో నిలువు వరుస ఒక పట్టు పోగు. ఒక్కో అడ్డ వరుస ఒక అట్ట. నింపిన గడి దగ్గర అట్టకు చిల్లు కొడతారు, అక్కడ పోగు లేస్తుంది. ఖాళీ గడి దగ్గర లేవదు. బట్ట నేసేవాళ్ళ ఒడి దగ్గర మొదలై ముందుకు పెరుగుతుంది గనుక కాగితం మీద మొదటి వరుస ఎప్పుడూ అడుగునే ఉంటుంది. అట్టలన్నీ వరసగా కుట్టి మగ్గం మీదికి ఎక్కిస్తే, మగ్గం వాటిని ఒక్కొక్కటే చదువుకుంటూ పోతుంది. ఏడో తరగతితో బడి మానేసి తండ్రి పక్కన కూర్చున్న రోజు నుంచి నలభై ఏళ్ళుగా పాపన్న చేసింది ఈ పనే. ఇప్పుడు డిజైన్లు కంప్యూటర్లలో వేస్తున్నారు. ఎలుక కొరికిన అట్టో, వానకు కాకపోయినా నీళ్ళ డ్రమ్ము ఒలికి తడిసిన అట్టో ఉంటే మాత్రం ఆయన గడప తొక్కుతారు.

ఆయన భార్య నాగలక్ష్మమ్మ ముప్పై ఏళ్ళు మగ్గం మీద కూర్చుంది. మోకాళ్ళు మొరాయించాక ఇంట్లోనే రాట్నం తిప్పి పట్టు దారం కండెలు చుడుతోంది. ఆమె అసలు పేరు వీధికి తెలియకపోవచ్చు గానీ 'హారతి లక్ష్మమ్మ' అంటే అందరికీ తెలుసు. శుక్రవారం పూజారి తిమ్మప్ప కర్పూరం వెలిగించగానే, అత్తగారు నేర్పిన హారతి పాట ఆమె ఎత్తుకునేది. "పసుపు గడపకు వచ్చిన తల్లీ, పట్టు కొంగుతో కాచే తల్లీ" అని మొదలవుతుంది. ఆమె ఎత్తుకున్నాకే మిగతా ఆడవాళ్ళు అందుకునేవారు.

పోయిన ఏడాది ఆమె గొంతు దగ్గర గడ్డ లేచింది. అనంతపురంలో ఆపరేషన్ చేసి తీశారు. ప్రాణానికి భయం లేదన్నారు. కానీ గొంతు పాతది రాలేదు. మాట్లాడితే ఎండుటాకులు తొక్కినట్టు వినిపించేది. "రోజూ కొంచెం కొంచెం పాడుతూ ఉండాలమ్మా. వాడకుండా వదిలేస్తే బిగుసుకుపోతుంది" అని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఆమె తల ఊపింది. ఇంటికొచ్చి పాడలేదు.

గుడికి మాత్రం ప్రతి శుక్రవారం వెళ్ళేది. తిమ్మప్ప కర్పూరం వెలిగించేవాడు. గంట మోగేది. ఆ పాట రాని ఆడవాళ్ళు లేరు అక్కడ. అయినా ఒక్కరు కూడా ఎత్తుకోలేదు. ఎత్తుకుంటే ఆమె చోటు లాక్కున్నట్టు అవుతుందని ఎవరికి వారే అనుకున్నారు, ఎవరితో ఎవరూ అనలేదు. కర్పూరం ఆరేదాకా అందరూ చేతులు జోడించి ఊరికే నిలబడేవారు. నాగలక్ష్మమ్మ తల వంచుకుని ఉండేది.

ఆ రోజుల్లో గాయానికి కట్టు మార్చడానికి రోజూ సాయంత్రం వచ్చేది ఎలిజబెత్. ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సు, అదే వీధిలో అద్దెకుండేది. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తుంది. రెండేళ్ళు మిద్దె మీద బట్టలారేసుకుంటూ ఆ హారతి విని, ఆమెకు రాగమంతా వచ్చేసింది.

"ఫోన్‌లో మీ పాత పాట ఉంది కదక్కా, దాంతో పాటు పాడు" అంది ఒకరోజు.

"వద్దు సిస్టరమ్మా. నాకు మధ్యలో ఊపిరి ఆగిపోతాంది. నేనాగితే అది ఆగదు. దాని దోవన అది పోతాది" అంది నాగలక్ష్మమ్మ.

ఎలిజబెత్ ఆలోచించి తన ఇంట్లో ఉన్న చిన్న కీబోర్డు తెచ్చింది. అది అభ్యాసానికి చేసిన పెట్టె. ఫోన్‌లో దానికో యాప్ ఉంటుంది. యాప్‌లో పాట ఎక్కిస్తే, నలుపు తెలుపు మెట్లలో ఏది నొక్కాలో దాని కింద ఎర్ర లైటు వెలుగుతుంది. నొక్కేదాకా ఆ లైటు కాచుకుని ఉంటుంది, నొక్కాక ఆ స్వరం సాగినంతసేపు వెలుగుతుంది. ఎలిజబెత్ హారతి పాట వాయించి, పాపన్న ఫోన్‌లోని యాప్‌లోకి ఎక్కించింది.

"అన్నా, నువ్వు వాయించు. అక్క ఆగినచోట నువ్వూ ఆగు. అంతే."

"నాకు చప్పట్లే రావు గదా సిస్టరమ్మా!"

"లైటు వెలిగిన మెట్టు నొక్కడమే. అట్టకు చిల్లు కొట్టలేదా ఇన్నేళ్ళు?"

ఆ మాటతో పాపన్న కూర్చున్నాడు. నెల తిరక్కముందే ఎలిజబెత్‌కు మడకశిర బదిలీ అయింది. "నా దగ్గర ఇంకోటి ఉందిలే అన్నా" అని పెట్టె వాళ్ళకే వదిలి పోయింది. ఇంకోటి ఉందో లేదో దేవుడికే తెలియాలి.

ఆమె ఉన్నన్నాళ్ళు బుద్ధిగా ఉన్న యాప్, ఆమె బస్సెక్కగానే మొండికేసింది. ఫోనుకూ పెట్టెకూ మధ్య సంబంధం ఊరికూరికే తెగిపోయేది. తెగితే పాట మళ్ళీ మొదటికొచ్చేది. నాలుగు లైట్లు వెలిగి ఐదోది వెలగకపోతే, పాపన్న వేలు గాల్లో పెట్టుకుని కూర్చునేవాడు. తెర మీద ఇంగ్లీషులో ఏదో వచ్చేది. అందులో ఆయనకు తెలిసిన మాట ఒక్కటే.

"రోజుకు పది మార్లు సారీ చెప్తాదే ఇది! మనిషైతే రెండోసారికే సిగ్గుపడతాడు" అనేవాడు భార్యతో.

కొన్నాళ్ళకు యాప్ తనకు తానే కొత్తదిగా మారి, నువ్వెవరో చెప్పమంది. యాప్ ఎలిజబెత్ పేరు మీద తెరిచింది గనుక నిరూపించే నంబరు ఆమె ఫోన్‌కు పోయేది. ఆమేమో వార్డులో. అయినా ఫోన్ ఎత్తేది.

"నంబరొచ్చిందా సిస్టరమ్మా?"

"వచ్చిందన్నా, రాసుకో. నాలుగు, ఏడు, సున్నా... ఉండన్నా, పేషెంటు పిలుస్తాండాడు."

వెనకాల ఎవరో ఇటు రమ్మని కన్నడంలో 'సిస్టర్, ఇల్లి బన్నీ' అని మూలగడం పాపన్నకు వినిపించేది. ఆమె తిరిగొచ్చేసరికి ఆ నంబరుకు కాలం చెల్లేది. మూడో రోజు టీ విరామంలో ఆసుపత్రి మెట్ల మీద నిలబడి ఆరు అంకెలూ చెప్పింది. తీరా లోపలికి పోతే, ఈ ఫోను పాతదైపోయింది, ఇందులో నేనుండను అంది యాప్.

పాపన్న నెమ్మదైన మనిషి. ఆ రోజు మాత్రం పెట్టెను పక్కకు నెట్టి, అనరాని మాట ఒకటి అన్నాడు. కాసేపటికి తనకే మనసు ఒప్పలేదు. సరస్వతి ఉండే వస్తువును తిట్టినానే అని, మెట్ల మీద వేళ్ళు ఆనించి కళ్ళకద్దుకున్నాడు. నాగలక్ష్మమ్మ రాట్నం ఆపి చూసింది.

"ఎందుకయ్యా నీకీ బాధ? నేను పాడకపోతే చౌడమ్మకు హారతి అందదా ఏంది?"

ఆమె తేలిగ్గానే అంది. పాడమని డాక్టరు చెప్పి అప్పటికే నాలుగు నెలలు దాటింది.

మరునాడు తువ్వాలలో చుట్టిన పెట్టెను చంకన పెట్టుకుని, ఫోన్లు బాగుచేసే ప్రతాప్ దుకాణానికి బయలుదేరాడు. దారిలో కొళాయి దగ్గర పళ్ళు తోముకుంటున్న పక్కింటి ఓబిలేష్ అడ్డం పడ్డాడు.

"ఏమప్పా పాపన్నా, అట్టలు ఇడ్సిపెట్టి బ్యాండు మేళంలో చేరినావా? మా తమ్ముని పెండ్లికి వస్తావా?"

"నీ తమ్మునికి పిల్ల దొరకనీ, వస్తా" అన్నాడు పాపన్న నడక ఆపకుండా.

ప్రతాప్ అంతా విన్నాడు. యాప్ తన ఫోన్‌లోకి ఎక్కించుకున్నాడు. మడకశిర నుంచి మళ్ళీ ఆరంకెలు తెప్పించాడు.

"పొద్దున్నే దుకాణం తీయంగానే రా పాపన్నా. దేవుని పటానికి ఊదుబత్తి ముట్టిస్తా. అది కాలి అయిపోయేదాకా ఫోను నీది. తర్వాత నా గిరాకీలది."

మంచి ఫోన్‌లోనూ యాప్ బుద్ధి మారలేదు. రెండు మూడు నిమిషాలకు తెగేది, మళ్ళీ మొదటి నుంచి రమ్మనేది. "మొదలు నాకు నిద్దట్లో గూడా వస్తాది ప్రతాపూ. కొస యాడుండాదో తెలీదు" అన్నాడు పాపన్న వారం తిరిగాక.

ఎనిమిదో రోజు ఆయన ఒక గళ్ళ కాగితం, పెన్సిలు తీసుకెళ్ళాడు. పెట్టె మీద తెల్ల మెట్లు, నల్ల మెట్లు అన్నీ కలిపి వరసగా ఒక్కో మెట్టుకు ఒక్కో నిలువు వరుస అనుకున్నాడు. కాలు మగ్గం తొక్కినట్టు నేల మీద తొక్కుతూ, ఒక్కో తొక్కుడుకు ఒక్కో అడ్డ వరుస అనుకున్నాడు. లైటు వెలిగిన మెట్టు గడి నింపాడు. రెండు తొక్కుళ్ళ సేపు వెలిగితే రెండు వరుసల్లో నింపాడు. తెగిపోయినప్పుడు బాధపడటం మానేశాడు. రాసుకున్నంత మేర గబగబా నొక్కేసి, తెగేలోపల కొత్త వరుస పట్టుకోవాలని చూసేవాడు. ఒక ఊదుబత్తికి రెండు వరుసలు. మంచి రోజైతే మూడు. ప్రతాప్ పొడవు ఊదుబత్తులు కొనడం మొదలుపెట్టాడు. ఆ సంగతి పాపన్న గమనించాడు గానీ అడగలేదు.

పాట ఎనభై నాలుగు వరుసలు తేలింది. ఒక మండలం దీక్ష పట్టినంత కాలం పట్టింది. పూర్తయిన కాగితం చీర అంచులా ఉంది. పూసలు వంకరగా జారుతున్నట్టు గళ్ళు.

అయినా ఆయనకు ఒక అనుమానం. మధ్యలో పదిహేను వరుసల చోట యాప్ మరీ తడబడేది. అక్కడ సరిగా పట్టుకున్నానో లేదో తన చెవితో తేల్చుకోలేడు. ఒక్కో మెట్టూ వెతుక్కుని నొక్కుతుంటే తనకది పాటలాగా వినపడదు. తప్పు పాట భార్య ముందు వాయించి, ఉన్న కాస్త ఆశా పోగొట్టకూడదు. అందుకని ప్రతాప్ చేత కాగితం ఫోటో తీయించి ఎలిజబెత్‌కు పంపాడు. నిలువు వరుస అంటే మెట్టు, అడ్డ వరుస అంటే తొక్కుడు అని చెప్పించాడు. తన ఫోన్‌కే జవాబివ్వమన్నాడు.

మరునాటి సాయంత్రం ఆమె వాయించి పంపింది. పాపన్న నట్టింట్లో కూర్చుని విన్నాడు. పాట పట్టే చెవి లేని ఆయనకు కూడా తెలిసింది, అది హారతి పాట కాదు. ఎవరో తెలియని ఊళ్ళో దారి తప్పి తిరుగుతున్నట్టు ఉంది ఆ రాగం. చివర ఎలిజబెత్ గొంతు, జంకుతూ: "అన్నా, నువ్వు రాసినట్లే వాయించినా. మనం ఎక్కించింది ఇది కాదు గదా? ఆ యాప్ ఏమన్నా పాటనే మార్చేసిందా ఏంది?"

పాపన్న ఫోన్ కింద పెట్టాడు. పెట్టెను తువ్వాలలో చుట్టి, స్టూలు వేసుకుని అటక మీద పెట్టాడు. కాగితం మాత్రం చింపలేకపోయాడు. గడప పక్కన కూర్చున్నాడు.

రాట్నం ఆగింది.

"ఏమైందయ్యా?"

"ఏంలేదు. మండలం రోజులు ప్రతాప్ ఊదుబత్తులు కాల్చినా, అంతే. నీ పాటనుకోని ఏందో రాసినా. ఆ యాప్ నేర్పింది ఒకటి, నేను పట్టింది ఒకటి." ఆగి, నేల చూస్తూ అన్నాడు. "నువ్వు పాడేదానికి దోవ చేద్దామనుకుంటి. నాచేత కాలేదు."

ఇన్నాళ్ళూ ఆయన పొద్దున్నే ఎక్కడికి పోతున్నాడో ఆమెకు తెలుసు. ఏం రాస్తున్నాడో తెలియదు. లేచి వచ్చి పక్కన కూర్చుంది. కాగితం తీసుకుని మోకాలి మీద పరిచింది. ముప్పై ఏళ్ళు ఇట్లాంటి కాగితాలకు పుట్టిన అట్టలతోనే ఆమె చీరలు నేసింది. కళ్ళు వాటంతట అవే అడుగు వరుస దగ్గరికి పోయాయి.

"ఇది మొదలా?"

"ఇంగేంది మరి? అడుగునే గదా మొదలు."

ఆమె ఫోన్ చేతికిచ్చి, ఎలిజబెత్ పంపింది మళ్ళీ పెట్టమంది. వింది. కాగితం మీద వేలు పై వరుస నుంచి కిందికి జరిపింది. జరుపుతూ జరుపుతూ నవ్వడం మొదలుపెట్టింది. మొదట భుజాలు కదిలాయి. తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక ఆ ఇంట్లో ఆమె నవ్వు చప్పుడు వినిపించడం అదే మొదలు.

"ఏమే, ఎందుకు నగుతావు?"

"సిస్టరమ్మ పైనుంచి సదివింది కదయ్యా! పుస్తకాలు సదివినోళ్ళు పైనుంచే సదువుతారు. చీర నేసినోళ్ళమైతే అడుగు నుంచి పోతాం. పాపం ఆయమ్మ పాటను కొస నుంచి మొదటికి లాగింది."

పాపన్న కాగితం వైపు చూశాడు. నమ్మకం కలగలేదు. "అట్లయితే నేను రాసింది సరేనంటావా? మధ్యలో పదైదు వరసలు నాకు అనుమానం."

"సరేనయ్యా."

"నా కోసరం అంటాండావు."

"నీ కోసరం ఎందుకంటా? ఇట్ల చూడు."

ఆమె అడుగు వరుస మీద వేలు పెట్టింది. రుజువు చూపించాలన్న తొందరలో, తను పాడటం మానేసి నెలలైందన్న సంగతి మరిచిపోయింది. వేలు ఒక గడి జరిగితే ఒక స్వరం. పసుపు గడపకు వచ్చిన తల్లీ. గొంతు కిందికి, బాగా కిందికి దిగి ఉంది. అంచులు గరుకు. అయినా నింపిన గడి ఎక్కడుంటే పాట అక్కడికి పోయింది. పదకొండో వరుస దగ్గర ఊపిరి అందక తెగింది.

వేలు ఆ గడి మీదే ఆగింది. అప్పుడు తెలిసింది ఆమెకు, తను పాడుతున్నానని. భర్త మొహంలోకి చూసింది. పాపన్న కదల్లేదు. బాగుందనలేదు, పాడమనలేదు. ఆయన చూపు ఆమె వేలి కింది గడి మీదే ఉంది. అది ముందుకు పోయేదాకా అక్కడే ఉండటం ఒక్కటే తన పని అన్నట్టు కూర్చున్నాడు.

వీధిలో నీళ్ళ ట్యాంకరు వచ్చిన చప్పుడు, బిందెల చప్పుడు. ఆమె వేలు జరిపింది. పన్నెండో వరుస ఎత్తుకుంది. అనుమానపు పదిహేను వరుసల్లో ఒక్కచోట మాత్రం వేలు ఆపి, "ఈడ ఒక గడి కుడికి పోవల్ల" అంది. ఆయన చెవి మీద పెన్సిలు తీసి దిద్దాడు.

బిందె పట్టుకుని వచ్చిన ఓబిలేష్ భార్య గడప దగ్గర నిలబడి విని, నీళ్ళ సంగతి చెప్పకుండానే వెనక్కి తిరిగింది. ఆ పూట పాపన్న వాళ్ళ వంతు రెండు బిందెలూ ఆమే పట్టి, చప్పుడు చేయకుండా గడప పక్కన పెట్టి పోయింది.

తర్వాత పెట్టె అటక దిగింది. ఆయన రాసిన మెట్టు నొక్కితే ఆమె గొంతు అంత పైకి అందలేదు.

"ఇంకా కిందికి" అంది. ఒక మెట్టు ఎడమకు నొక్కాడు. "ఇంకా." ఇంకోటి. "ఆఁ, ఇంకొకటి... ఈడ. ఈడ నాకు సుకంగా ఉండాది."

మూడు మెట్లు. ఎలిజబెత్ ఉన్నప్పుడు అంది, యాప్‌లో పాటను కిందికి దించుకోవచ్చు గానీ ఆ మీట ఎక్కడుందో వెతకాలని. పాపన్నకు వెతకాల్సిన పని లేకపోయింది. చీర మీది బుట్టా పువ్వు అంచుకు మరీ దగ్గరైతే మూడు గళ్ళు పక్కకు జరపడం ఆయన వేలసార్లు చేసిన పని. పొద్దున్నే కొత్త కాగితం తీసి, ఎనభై నాలుగు వరుసలూ మూడు గళ్ళు ఎడమకు జరిపి రాశాడు. అడుగున బాణం గీసి 'ఈడ మొదలు' అని రాసి, మడకశిరకు ఫోటో పంపించాడు. ఎలిజబెత్ నుంచి మాట రాలేదు. వాయించిన పాట వచ్చింది. చివర ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

ఫోటో తీస్తూ ప్రతాప్ అన్నాడు, "పాపన్నా, యాప్ మళ్ళా కొత్తది వచ్చిందంట. ఇప్పుడు తెగదంట."

"మంచిదేలేప్పా. పాపం, అదీ నేర్చుకోనీ" అన్నాడు పాపన్న.

ఇంట్లో రోజూ పొద్దునా సాయంత్రం కూర్చున్నారు. ఆమె ఆగినచోట ఆయన ఆగాడు. మొదట పదకొండు వరుసలకు తెగిన ఊపిరి పదిహేనుకు, ఇరవైకి వచ్చింది. అంతకు మించి రాలేదు. గొంతు గరుకు కూడా పోలేదు. నాలుగో శుక్రవారం పాపన్న తువ్వాలలో పెట్టె చుట్టుకుని భార్య వెనక గుడికి నడిచాడు.

తిమ్మప్ప కర్పూరం వెలిగించాడు. గంట మోగి ఆగింది. అలవాటుగా అందరూ చేతులు జోడించి మౌనంగా నిలబడ్డారు. అరుగు మీద కూర్చున్న పాపన్న కాగితం అడుగున వేలు పెట్టి చూసుకుని, మొదటి మెట్టు నొక్కాడు.

నాగలక్ష్మమ్మ ఎత్తుకుంది. కొత్త గొంతు ఎవరిదా అని వెనకవాళ్ళు ఒకరిద్దరు తలలెత్తారు. తర్వాత ఆడవాళ్ళంతా మెల్లగా, ఆమె కంటే పైకి పోకుండా, అందుకున్నారు. ఇరవయ్యో వరుసకు ఆమె ఊపిరి తెగింది. పాపన్న వేలు ఆ మెట్టు మీదే ఉండిపోయింది. ఆ ఒక్క స్వరం గుడిలో సాగుతోంది. ఆడవాళ్ళు ఆగారు. పళ్ళెంలో కర్పూరం సన్నబడుతోంది.

తిమ్మప్ప ఆమె వైపు చూడకుండా, మొలనున్న సంచిలోంచి ఇంకో కర్పూరం బిళ్ళ తీసి మంటలో వేశాడు.

ఆమె ఊపిరి తీసుకుంది.